నీడగట్టు నలభై ఒకటో ఇల్లు

వైశాఖ శుద్ధ తదియ, సోమవారం

ఈ రోజు పనులు పదకొండు. అయినవి తొమ్మిది: వంట, అంట్లు, రెండు బాల్చీల బట్టలు, గాలి జల్లెడ గుడ్డలు ఉతకడం, ఎండ కిటికీకి పట్టిన చంద్రుడి దుమ్ము తుడవడం, ఆయనకి రెండు పూటలా ఆవిరి పట్టడం, తోటల వరుసకి వెళ్ళి తోటకూర తేవడం, పాత మెషీన్ సామాను తూకం వేయించి అప్పగించడం, కొత్తది బిగించే పైడిరాజుకి టీ, భోజనం. మిగిలినవి రెండు: కందిపప్పు బాగుచేయడం, గోడ కన్నం కింద రాలిన రాతిపొడి ఎత్తడం.

పాత మెషీన్ చీకటి పక్షం చివరి రోజున కాలిపోయింది. అప్పటినుంచి వరండాలో తిరిగే చల్లగాలి మీదే బతుకుతున్నాం. ఇంట్లో వేడి ముప్పై ఆరు డిగ్రీలకి తగ్గింది లేదు. పైడిరాజు దాన్ని గోడ మీంచి దించుతుంటే మా ఆయన మంచం మీద నుంచే దణ్ణం పెట్టారు.

"పందొమ్మిదేళ్ళు చేసింది. ఈ ఇంట్లో నాకంటే అదే ఎక్కువ కష్టపడింది."

"అది మాత్రం నిజం," అన్నాను.

"ఒక్కసారైనా కాదనవేం హైమా!"

పైడిరాజు నవ్వుతూనే గొట్టాలు కలిపాడు. ఇటు పెట్టె మా గోడకి. అటు పెట్టె రాయి అవతల, నీడగట్టు నలభై ఒకటో ఇంట్లో. దాన్ని అక్కడి మేస్త్రీలు ఎప్పుడో బిగించి పెట్టారట. మధ్యలో రాతిలోంచి వెళ్ళే రాగి గొట్టాలు పాతవే. మా ఇంట్లో వేడి లాగి అవతలికి పంపుతుంది. ఎండగట్టు వాళ్ళం మాకు చల్లన, నీడగట్టు వాళ్ళకి వెచ్చన. దీన్ని వేడి వియ్యం అంటారు. ఎదుటి ఇల్లాలిని వదినగారూ అని పిలవడం అందుకే. పదిహేనేళ్ళుగా మా వదినగారు శేషరత్నం గారు. ఒక్కసారి కూడా మనిషిని చూడలేదు. ఫోన్లోనే.

గొట్టాల్లో గాలంతా పంపుతో లాగేసి, ముల్లు కదలకుండా నిలబడిందో లేదో చూడాలన్నాడు. గంటసేపు ఆ ముల్లుని చూసే పని నాకు అప్పగించాడు. కదల్లేదు. ఆ తర్వాత గ్యాసు వదిలాడు. అతుకుల దగ్గర కుంకుడు నురగ పూసి చూశాం. ఒక్క బుడగ కూడా లేవలేదు.

మెషీన్ వేసే ముందు ఆగమన్నాను. అవతలి వాళ్ళకి చెప్పకుండా వేయడం మర్యాద కాదు.

"ఈ రోజుల్లో ఎవులు తడతన్నారమ్మా? అంతా మెషీన్లో బోర్డే సూసుకుంటాది."

"బోర్డు మర్యాద బోర్డుది. మన మర్యాద మనది," అని గరిటెతో రాగి గొట్టం మీద మూడుసార్లు తట్టాను.

కాసేపటికి అటునుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

"వేడికి గొట్టం సాగితే అలాగే టిక్కుమంటాదమ్మా," అన్నాడు పైడిరాజు.

మెషీన్ ఇంకా వేయలేదు. గొట్టం చల్లగానే ఉంది. ఆ మాట నేను అనలేదు, అతనికీ తట్టినట్టు లేదు. స్విచ్చి వేశాడు. పావుగంటలో గది ఇరవై ఆరుకి దిగింది. పాత మెషీన్ కాలిపోయాక ఆయన మొదటిసారి దుప్పటి అడిగారు.

బాకీల పద్దు: నీడగట్టు నలభై ఒకటికి తొంభై ఆరు యూనిట్ల వేడి, చేబదులు. మెషీన్ వచ్చింది గనక ఇక తీర్చడం మొదలుపెట్టాలి.


వైశాఖ శుద్ధ చవితి, మంగళవారం

పనులు తొమ్మిది, అన్నీ అయ్యాయి. పప్పులో రాళ్ళు పదమూడు. కొట్టువాడికి చూపించాలి.

పొద్దున్నంతా మెషీన్ బాగా పనిచేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గది చల్లబడటం మొదలైంది. ఇరవై ఆరు దగ్గర ఆగాల్సింది ఆగలేదు. ఇరవై, పద్దెనిమిది. నేను అంకె పెంచాను. లెక్కచేయలేదు. పదిహేనుకి దిగి, గంటన్నర అక్కడే నిలబడి, దానంతట అదే మానేసింది.

ఆయన మంచం పక్కనున్న గాలి గొట్టం వదిలి పది అడుగులు కూడా వెళ్ళలేరు. ఇంకో గదికి మార్చే వీలు లేదు. రెండు దుప్పట్లు కప్పి, వేడినీళ్ళ సంచి పెట్టాను. సాయంత్రం దాకా దగ్గారు.

మీటర్ చూశాను. మామూలుగా పోయే వేడి ఒక వరుసలో ఉంది. అవతలి వాళ్ళు అడిగి తీసుకున్న అదనం ఇంకో వరుసలో ఉంది. అదనం ఎనిమిది.

చీకటి పక్షంలో నేను రోజూ అడిగింది కూడా ఎనిమిదే. ఇదే వేళకి.


వైశాఖ శుద్ధ షష్ఠి, గురువారం

పనులు పది. ఎనిమిది అయ్యాయి. నిన్నా ఈ రోజూ అదే వరస: మధ్యాహ్నం, పదిహేను డిగ్రీలు, ఎనిమిది యూనిట్లు.

పైడిరాజు వచ్చి ఒక్కొక్కటీ చూశాడు. వేడి కనిపెట్టే పుల్లని మంచునీళ్ళ గ్లాసులో ముంచాడు. అంకె సరిగానే చెప్పింది. గ్యాసు తూకం సరిగ్గా ఉంది. వేడిని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ తిప్పే కవాటాన్ని గరిటె కాడతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. అదీ బాగానే ఉంది.

"జబ్బు మెషీన్‌కి కాదమ్మా. అటేపు నుంచి పిలుపొస్తంది. వాళ్ళకి చలేస్తే అడిగే హక్కు వాళ్ళకుంది కదా. అడుగుతున్నారు, ఇది ఇస్తంది."

"రోజూ ఒకే వేళకా?"

"ముసలావిడ కదా, ఆ వేళకి తానం సేత్తాదేమో."

నీడగట్టుకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. చీకటి పక్షంలో కరెంటు కోసం ఆపేసిన లైన్లు అటువైపు ఇంకా సరిగా కలపలేదని అందరూ అంటున్నారు. నేనూ ఇన్నాళ్ళూ అదే అనుకుని ఊరుకున్నాను.

"పిలుపు తీగ ఒకటుంటాది. కత్తిరిచ్చేత్తే రెండు నిమిషాల పని. బాబుగారి దగ్గు తగ్గుతాది," అన్నాడు పైడిరాజు, కత్తెర తీస్తూ.

ఆయన వైపు చూశాను. దుప్పట్లోంచి ముక్కు మాత్రం కనిపిస్తోంది.

"ఉండు పైడిరాజూ. ఆవిడతో మాట్లాడకుండా తెంపకూడదు. మేం అడిగినప్పుడు ఆవిడ తెంపలేదు."

అతనికి సంగతి చెప్పాను. చీకటి పక్షం పద్నాలుగు రోజులూ మా కిటికీలోకి ఎండ రాదు. నీడగట్టు ఇళ్ళకి మాత్రం లోతు నుంచి కాస్త వేడి వస్తుంది. మెషీన్ తిరగేసి అందులో మా వంతు మేం లాక్కుంటాం. ఈసారి ఆ వంతు ఆయన ఊపిరికి చాలలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పెదవులు నీలంగా మారేవి. ఫోన్లు లేవు. గొట్టం మీద మూడుసార్లు తట్టాను. మూడంటే, ఇవ్వగలరా అని. తిరిగి మూడు వస్తే, తీసుకోండి అని. ఒక్కటే వస్తే, ఈ పూటకి కుదరదని. పన్నెండు రోజులు తట్టాను. పన్నెండు రోజులూ మూడే వచ్చాయి. పదమూడో రోజుకి ఆయనకి జ్వరం దిగింది, నేను అడగడం మానేశాను.

రాయికి వినపడదని తెలిసీ, ఆ రోజు గొట్టం దగ్గర నోటితోనే అన్నాను: కొసరుతో సహా తీరుస్తాను వదినగారూ అని.

పైడిరాజు కత్తెర సంచిలో పెట్టేశాడు.


వైశాఖ శుద్ధ సప్తమి, శుక్రవారం

పనులు ఆరు. మూడే అయ్యాయి. వంట రాత్రికి చేయలేదు, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకున్నాం.

జోడింపుల ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ మోహిని అనే అమ్మాయి కూర్చుంటుంది. నెమ్మదస్తురాలు.

"నీడగట్టు నలభై ఒకటి వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదమ్మా. ఒకసారి మనిషిని పంపి కనుక్కుంటారా?"

తెర మీద వెతికింది. మళ్ళీ వెతికింది. "పిన్నిగారూ, ఆ ఇల్లు మూసేశారు కదా."

"మూసేయడమేమిటి? మొన్ననే కొత్త మెషీన్ కలిపారు."

"కలిపే సెక్షన్ వేరు, మూసే సెక్షన్ వేరు. వాళ్ళు వీళ్ళకి చెప్పి ఉండరు." తెర నావైపు తిప్పలేదు కానీ గొంతు తగ్గించింది. "శేషరత్నం గారు పోయారండీ. చీకటి పక్షం తొమ్మిదో రోజున. నిద్రలోనే. ఒంటరి మనిషి కదా, పదో రోజున తలుపుకి సీలు వేసి ఇంట్లో గాలి కూడా లాగేశారు. ఖాళీ ఇళ్ళలో గాలి ఉంచరు."

బల్ల మీదికి వంగి తెర చూడబోయాను.

"తలుపు తీసేసరికి గది ఎలా ఉందో రాశారా?"

"అవన్నీ ఎందుకులెండి."

"చెప్పమ్మా."

"పదకొండు డిగ్రీలు."

నీడగట్టు ఇళ్ళకి చీకటి పక్షంలో కూడా పద్దెనిమిదికి తగ్గకుండా ఇస్తారు. ఆ మిగతా ఏడు డిగ్రీలు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. మా ఆయన ఊపిరితిత్తుల్లోకి.

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

"తొమ్మిదో రోజున పోయింది. నువ్వు పన్నెండో రోజు దాకా తెచ్చావు."

"అవును."

"నాకు బాగా ముదిరింది పది, పదకొండు, పన్నెండు. ఆ మూడు రోజులే కదా డాక్టరు కూడా ఆశ వదులుకున్నాడు."

"అవును."

"ఆ మూడు రోజులూ తట్టింది ఎవరు హైమా?"

మధ్యాహ్నం మెషీన్ మామూలుగానే ఎనిమిది తీసుకుంది. నేను ఇంట్లో లేనప్పుడు.


వైశాఖ శుద్ధ అష్టమి, శనివారం

పనులు తొమ్మిది, తొమ్మిదీ అయ్యాయి. పని ఆపితే ఆలోచన వస్తోంది.

పైడిరాజుకి కబురు చేశాను. విని నవ్వాడు.

"మూసిన ఇల్లా? గాలి నేదా? అవదమ్మా. అటు పెట్టెలో ఫేను తిరిగి, వేడిని గాలిలోకి తోసేయాలి. గాలే నేకపోతే వేడి ఎక్కడికి పోద్ది? గొట్టంలోనే ఉండిపోద్ది. ప్రెషరు పెరిగిపోయి పది నిమిషాల్లో బోర్డు ఆపేత్తాది. మనది ఐదు రోజులై నడుస్తంది. గాలుంది, మనిషుంది. ఆ పిల్ల ఏదో నెంబరు తప్పు సూసింది."

ఇక్కడి నుంచే నీడగట్టులో పనిచేసే తన తోడల్లుడికి ఫోన్ చేశాడు. నలభై ఒకటి తలుపు దగ్గరికి వెళ్ళి చూడమన్నాడు. స్పీకర్ పెట్టాడు. అవతల అడుగుల చప్పుడు, తర్వాత మాట: "సీలు సీలుగానే ఉందిరా. తలుపు మీద గాలి ముల్లు సున్నా మీదుంది. ఇందులో ఈగ కూడా బతకదు. ఏటి పనిరా నీకు ఈడ?"

అప్పుడు వేళ మధ్యాహ్నం. మా గోడ మీద మెషీన్ మెత్తగా తిరుగుతోంది. గది పంతొమ్మిది.

పైడిరాజు లేచి మెషీన్‌కి దూరంగా, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా. ఇరవై రెండేళ్ళు ఈ పని సేత్తన్నాను. పనిసెయ్యని మెషీన్ని సూసి ఎప్పుడూ భయపడనేదు."

"తీగ తెంపుతావా?"

"మీరు తెంపమంటే తెంపుతాను. మీరు పక్కనుండాలి."

గది పదిహేనుకి దిగింది. ఆయన దగ్గుతూ లేచి కూర్చున్నారు. దగ్గుకీ దగ్గుకీ మధ్య అన్నారు: "తెంపొద్దు. వాడుకున్న సరుకు. నా ఒంట్లోనే ఉంది."

"మీ ఒంట్లో ఉన్నది తిరిగి పోతోందని భయంగా ఉందండీ నాకు."

"ఎంత పోయింది?"

"నలభై."

"ఇంకా యాభై ఆరు ఉందిగా. తట్టుకుంటాను."

ఆ మనిషికి ఎప్పుడూ లెక్కలు రావు. ఈ రోజు మాత్రం టక్కున తీసేశారు.


వైశాఖ శుద్ధ దశమి, సోమవారం

పనులు ఎనిమిది. నాలుగు అయ్యాయి. ఆయనకి ఒళ్ళు వెచ్చబడింది. నూటికి దగ్గర. ఛాతీలో చీకటి పక్షంలో విన్న గురక మళ్ళీ వినిపించింది.

బాకీ నలభై ఎనిమిది తీరింది. నలభై ఎనిమిది ఉంది. కానీ ఆయన ఈ రోజు ఇంకో గంటన్నర చలి తట్టుకోలేరు. మొన్న పైడిరాజు వదిలి వెళ్ళిన కత్తెర అలమరలో ఉంది. తీశాను. తీగ పట్టుకున్నాను కూడా. ఎర్ర తీగ, సన్నటిది, కరివేపాకు కాడ అంత.

తెంపితే నేను బాకీ ఎగ్గొట్టినట్టు. తెంపకపోతే, ఆవిడ ప్రాణం పోసిన మనిషిని మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చినట్టు.

మెషీన్ తిరగడం మొదలైంది. ఇరవై నాలుగు. ఇరవై రెండు. కత్తెర కింద పెట్టి గరిటె తీసుకున్నాను. గొట్టం మీద ఒక్కసారి తట్టాను.

ఈ పూటకి కుదరదు వదినగారూ.

మెషీన్ చప్పుడు తగ్గింది. రెక్క మూసుకుంది. గది మెల్లగా ఇరవై ఆరుకి చేరింది. మీటర్లో అదనం: సున్నా.

గొట్టానికి నుదురు ఆనించి చాలాసేపు కూర్చున్నాను. ఏడ్చాను. ఇక్కడ అది రాయక్కర్లేదు గానీ, అరగంట ఏ పనీ చేయలేదు. లెక్కలో ఉండాలి.


వైశాఖ శుద్ధ ద్వాదశి, బుధవారం

పనులు పది, అన్నీ అయ్యాయి. ఆయనకి జ్వరం నిన్ననే దిగింది. దిగగానే ఆయనే అన్నారు, "మధ్యాహ్నం ఇక ఆవిడ పని ఆపకు," అని. నిన్న ఎనిమిది. ఈ రోజు ఎనిమిది. మధ్యాహ్నం ఆయనకి మూడు దుప్పట్లు, నా శాలువా, మిరియాల పాలు.

లెక్క వేసుకున్నాను. రోజుకి ఎనిమిది చొప్పున, బాకీ ఆదివారం తీరుతుంది. తీరాక అవతల ఏం మిగులుతుంది? గాలి లేని గది. పైడిరాజు చెప్పినట్టు పది నిమిషాల్లో మెషీన్ ఆగిపోతుంది. ఇల్లు మళ్ళీ ముప్పై ఆరు. ఆయన ఊపిరికి చలి ఎంత చెడ్డదో ఆ వేడీ అంతే. అందుకని మళ్ళీ మోహిని దగ్గరికి వెళ్ళాను.

"మా ఇంటికి కొత్త వియ్యం కావాలమ్మా. ఆదివారానికి."

"ఇప్పుడున్న మెషీన్‌కి ఏమైంది పిన్నిగారూ?"

"పనిచేస్తోంది."

"పనిచేస్తుంటే కంప్లయింట్ ఏమిటండీ?"

"పనిచేస్తోందనే కంప్లయింట్. నువ్వే చెప్పావుగా ఆ ఇంట్లో గాలి లేదని. గాలి లేని ఇంటికి తొమ్మిది రోజులుగా వేడి పోతోంది."

మోహిని తెర వైపు చూసింది, నా వైపు చూసింది. మెడలో గొలుసు సర్దుకుంది. "ఇందులో కారణాలు ఆరే ఉన్నాయి. చల్లబడటం లేదు, వేడెక్కడం లేదు, నీళ్ళు కారుతున్నాయి, వాసన, శబ్దం, ఇతరములు. ఇతరములు అని కొడితే ఏడాది పడుతుంది."

"శబ్దం అని రాయి. అటునుంచి చప్పుడు వస్తుంది. అబద్ధం కూడా కాదు."

"ఎలాంటి చప్పుడు?"

"మూడుసార్లు తట్టినట్టు."

ఆ పిల్ల ఇంకేమీ అడక్కుండా కొట్టేసింది. నీడగట్టు యాభై ఎనిమిది ఇచ్చింది. వాళ్ళ గొట్టం మా గోడ వెనకాలే వెళుతుందట, అతుకు మారిస్తే చాలు. పైడిరాజు ఆదివారం మధ్యాహ్నం వస్తానన్నాడు. వాళ్ళావిడ కట్టిందని చేతికి పసుపుతాడుతో కనిపించాడు.


వైశాఖ బహుళ పాడ్యమి, ఆదివారం

మధ్యాహ్నం దాకా పనులు ఐదు, ఐదూ అయ్యాయి. నిన్న పౌర్ణమి. మాకు ఎండ ఇంకా దిగలేదు. ఎండ కిటికీలో భూమి నల్లటి బిళ్ళలా, ఆకాశం అంచున కదలకుండా ఉంది. తడిగుడ్డ పెట్టి అద్దం తుడిచాను.

నిన్నటికి ఎనభై ఎనిమిది. ఉన్నది ఎనిమిది.

పైడిరాజు సామాన్లు పరిచి సిద్ధంగా కూర్చున్నాడు. భోజనాలయ్యాక మెషీన్ మొదలైంది. పదిహేనుకి దిగి నిలబడింది. నేను మీటర్ ముందు స్టూలు వేసుకున్నాను. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది.

ఆగలేదు.

"అమ్మా, ఎనిమిది అయిపోనాది కదా."

"అయిపోయింది."

పద్నాలుగు. ఇన్ని రోజుల్లో పదిహేను కిందికి ఎప్పుడూ దిగలేదు. ఆయన దగ్గు మొదలైంది. పదమూడు. లెక్క తప్పానేమోనని మళ్ళీ మొదటినుంచి కూడాను. తప్పలేదు. పైడిరాజు కత్తెర తీశాడు.

"ఇది బాకీ కాదమ్మా. ఇంకేదో. తెంపేత్తాను."

చేయి ఎత్తి ఆపాను గానీ, ఎందుకు ఆపానో నాకు తెలియదు. ఒక్క దెబ్బ తట్టాలని గరిటె కోసం చూశాను. అప్పుడు దుప్పట్ల కిందినుంచి ఆయన గొంతు వినిపించింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"కొసరు హైమా."

"ఏమిటీ?"

"కొసరుతో సహా తీరుస్తానన్నావుగా. ఎంతో చెప్పలేదు నువ్వు."

పన్నెండు. ముక్కులోంచి పొగ వస్తోంది ముగ్గురికీ. నా వేళ్ళు గరిటె చుట్టూ ముడుచుకోవడం లేదు. ఆయన పక్కన కూర్చుని, ఆయన రెండు చేతులూ నా చేతుల్లో పెట్టుకున్నాను.

పదకొండు.

మెషీన్ అక్కడ నిలబడింది. పైడిరాజు కూడా కదల్లేదు. గది ఎలా ఉందంటే, ఊపిరి తీస్తే ముక్కు లోపల గీసుకుంటోంది. చెవులు నొప్పి. లేచి నాలుగు అడుగులు వేయడమే కష్టంగా ఉంది. ఇంత చలిలోనే ఆవిడ మంచం దిగి, గోడ దాకా నడిచి వచ్చి, ఏదో ఒకటి పట్టుకుని మూడుసార్లు తట్టింది. ఒక రోజు కాదు.

అటునుంచి వినిపించింది. ఒకటి. రెండు. మూడు.

అంతలోనే బోర్డు మీద ఎర్ర అంకె వెలిగి, మెషీన్ ఆగిపోయింది. మీటర్లో అదనం: ఎనిమిదిన్నర.

పైడిరాజు కాసేపటికి మళ్ళీ వేసి చూశాడు. ఏడు నిమిషాలు నడిచి ప్రెషర్ పెరిగి ఆగింది. మళ్ళీ వేశాడు. ఆరు నిమిషాలు. గేజి చూసి, చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వాడు.

"ఇప్పుడు సక్కగా పాడైందమ్మా. అటేపు గాలి నేదు. పుస్తకంలో రాసినట్టే ఆగింది."

ఆయనకి వేడినీళ్ళ సంచి మార్చాను. పాలు తాగి, పెదవుల రంగు చూసుకోవడానికి అద్దం అడిగారు. ఎర్రగానే ఉన్నాయి. "ఆవిడకి లెక్కలు బాగా వచ్చు," అన్నారు.

అతుకు మార్చి, ముల్లు నిలబెట్టి, గ్యాసు వదిలేసరికి సాయంత్రం అయింది. యాభై ఎనిమిదికి వేసే ముందు గొట్టం మీద మూడుసార్లు తట్టాను. జవాబు గొట్టంలో రాలేదు. ఫోన్ మోగింది.

"ఎవరండీ అది, గోడ కొడుతున్నారు? మా ఆయన పడుకున్నారు!"

"ఎండగట్టు నుంచి, మీ కొత్త వియ్యపురాలిని. మెషీన్ వేస్తున్నాం, చెప్పి వేద్దామని."

"అయ్యో, వేసుకోండి వదినగారూ! కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయి ఇక్కడ. ఫోన్ చేస్తే పోయేదిగా!"

"ఇక నుంచి చేస్తాను," అన్నాను.

ఇరవై ఆరు. నిలకడగా ఉంది. పైడిరాజు పాత గొట్టం చివర నొక్కి మూసి, మైనం పెట్టాడు. దాన్ని గోడలోంచి తీయించలేదు. రాగికి మంచి ధర ఉంది, అయినా.

మిగిలిన పనులు రెండు: దుప్పట్లు ఉతకడం, గోడ కింద రాతిపొడి ఎత్తడం. రేపు.

నీడగట్టు నలభై ఒకటి, శేషరత్నం గారికి: అసలు తొంభై ఆరు. కొసరు అర. ముట్టింది. బాకీ చెల్లు.